వేగం కనబడుతుంది, వెంట నడిచేదెవరు?

పెద్దపల్లి చుట్టుపక్కల సంక్రాంతికో వేసవి సెలవులకో జరిగే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో మండలానికి ఒక పేరు మోగుతుంది. "ఆ పోరడు ఏస్తే బంతి కనవడది" అంటారు. అతను ఎన్నో ఓవర్ వేస్తాడో లెక్కేసుకుని ఎదుటి జట్టు బ్యాటింగ్ వరస మార్చుకుంటుంది. మైకు పట్టుకున్నాయన ఒక బిరుదు తగిలిస్తాడు. నాలుగైదేళ్లు గడిచాక అదే మైదానంలో ఆ పేరు వినబడదు. సింగరేణిలో డిపెండెంట్ ఉద్యోగమో, రామగుండంలో కాంట్రాక్టు పనో, దుబాయి వీసానో అతన్ని తీసుకుపోయి ఉంటుంది. తోలు బంతితో, మనవాళ్లు డ్యూస్ బాల్ అంటారే దానితో, అతను ఒక్క మ్యాచైనా ఆడి ఉండడు.

ఇలాంటి కుర్రాణ్ని ఎలా గుర్తించాలి, గుర్తించాక ఏం చేయాలి? ఈ ప్రశ్న మీద అమెరికా బేస్‌బాల్ వందేళ్లకు పైగా డబ్బునూ మనుషులనూ ఖర్చుపెట్టింది. భారత క్రికెట్ నలభై ఏళ్లుగా విడతలు విడతలుగా ఆలోచిస్తోంది. ఉత్తర తెలంగాణ మాత్రం ఇంకా మొదలే పెట్టలేదు. ఇంతవరకు ఎక్కడెక్కడ ఏం చేశారో, అందులో మనకు పనికొచ్చేదేమిటో చూద్దాం.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ని పిచర్ అంటారు. అతనికీ బ్యాటర్ నిలబడే చోటుకీ మధ్య దూరం 18.44 మీటర్లు, మన పిచ్ కన్నా కొంచెం తక్కువ. బంతి నేలను తాకకుండా నేరుగా పోతుంది, మోచెయ్యి ఎంతైనా వంచొచ్చు. ఈ రెండు తేడాలు పక్కనపెడితే ఫాస్ట్ బౌలర్‌కీ పిచర్‌కీ పని ఒకటే. అక్కడి జట్లు స్కౌట్లకు జీతాలిచ్చి ఊరూరా తిప్పుతాయి. స్కౌట్ రాడార్ గన్‌తో వేగం కొలిచి, కుర్రాడి ఒక్కో గుణానికి 20 నుంచి 80 లోపు మార్కు వేస్తాడు. అందులో నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. ప్రతి గుణానికీ రెండు అంకెలు రాస్తారు. ఈరోజు ఎంత అనేది మొదటిది. పెరిగి పెద్దయ్యాక ఎంత కావచ్చనేది రెండోది. మన సెలెక్షన్లలో రెండో అంకె రాసే ఆచారమే లేదు. ఆ పూట నెట్స్‌లో ఎన్ని బంతులు సరిగ్గా పడ్డాయో చూస్తారు, అంతటితో అయిపోతుంది.

అయితే రెండో అంకె రాయడం చెప్పినంత తేలిక కాదు. స్టీవ్ డాల్కోవ్‌స్కీ అని బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థలో ఒక కుర్రాడుండేవాడు. రాడార్ గన్లు లేని కాలం కాబట్టి అతని వేగమెంతో ఎవరికీ కచ్చితంగా తెలీదు. చూసినవాళ్లు మాత్రం అంతకు మించినవాణ్ని చూడలేదన్నారు. 1960లో స్టాక్‌టన్ అనే కింది స్థాయి జట్టుకు 170 ఇన్నింగ్స్ విసిరి 262 మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండా ఔట్ చేశాడు. సరిగ్గా అంతమందినే, 262 మందిని, గురి తప్పిన బంతులతో ఊరికే బేస్‌కు పంపించాడు. 1962లో ఎర్ల్ వీవర్ అనే మేనేజర్ అతనికి రకరకాల పాఠాలు మాన్పించి రెండే రకాల బంతులు ఉంచాడు, గురి కుదరడం మొదలైంది. మరుసటి ఏడు పెద్ద జట్టులో చోటు చేతికందే వేళ మోచెయ్యి పోయింది. అన్నిటికన్నా పై మెట్టయిన మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయకుండానే అతని ఆట ముగిసింది.

ఇదే రకం అడ్డూఅదుపూ లేని వేగంతో 1965లో నోలన్ రయన్ వచ్చాడు. డ్రాఫ్ట్ ఎంపికలో 12వ రౌండ్ దాకా అతన్నెవరూ అడగలేదు. రెడ్ మర్ఫ్ అనే స్కౌట్ పట్టుబట్టబట్టి న్యూయార్క్ మెట్స్ తీసుకుంది. 27 సీజన్లు ఆడి 5,714 స్ట్రయికౌట్లతో రిటైరయ్యాడు. ఆ రికార్డు నేటికీ అతనిదే. ఊరికే బేస్‌కు పంపిన లెక్కలోనూ రికార్డు అతనిదే, 2,795 మంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఎవరు నిలుస్తారో, ఎవరు విరిగిపోతారో చెప్పగలిగే కన్ను లేదు. గురి లేదని వేగాన్ని కొట్టిపారేయకూడదు, వేగముందని భరోసా పడిపోనూ కూడదు. తేల్చేది తరవాతి మూడు నాలుగేళ్లలో చేతినీ వెన్నునూ కనిపెట్టుకుని ఉన్న మనుషులే.

బేస్‌బాల్ వాళ్లు ఒకసారి మన దేశానికే వచ్చారు. 2008లో జేబీ బెర్న్‌స్టీన్ అనే ఏజెంట్ 'మిలియన్ డాలర్ ఆర్మ్' పేర పోటీ పెట్టాడు. క్రికెట్ పిచ్చి ఉన్న దేశం కదా, ఫాస్ట్ బౌలర్లలోంచి పిచర్లు దొరుకుతారన్నది అతని ఆలోచన. వేలాది మంది వచ్చారు. గెలిచింది మాత్రం క్రికెటర్లు కాదు. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చి లక్నో స్పోర్ట్స్ కాలేజీలో జావెలిన్ విసురుతున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్. రింకూ గంటకు 87 మైళ్లు, అంటే 140 కిలోమీటర్ల వేగంతో విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. ఇద్దరికీ అప్పటిదాకా బేస్‌బాల్ అంటే ఏమిటో తెలీదు. అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరితోనూ ఒప్పందం కుదుర్చుకుంది. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ కింది స్థాయి లీగుల్లో కొన్నేళ్లు ఆడి, గాయాలతో ఆగిపోయి, చివరికి డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలో తేలాడు. మేజర్ లీగ్ మెట్టు ఇద్దరూ ఎక్కలేదు. వీళ్ల మీద 2014లో హాలీవుడ్ సినిమా వచ్చింది, ఏఆర్ రెహమాన్ సంగీతంతో. సినిమాకు ఒప్పందం దాకా ఉన్న కథ చాలింది.

ఆ పోటీలో మనకు పనికొచ్చేది సినిమా కథ కాదు, జావెలిన్. బలమైన చెయ్యి క్రికెట్ మైదానంలోనే ఉండాలన్న రూలేమీ లేదు. పెద్దపల్లిలోనో గోదావరిఖనిలోనో తెల్లవారుజామున ఏ గ్రౌండ్‌కైనా వెళ్లండి, కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం పరుగెత్తేవాళ్లు, గుండు విసిరేవాళ్లు కనబడతారు. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఆ పరీక్షలో భాగాలు. నోటిఫికేషన్ పడ్డ ప్రతిసారీ రాష్ట్ర ప్రభుత్వం వేలాది మంది యువకుల కాళ్లనూ చేతులనూ టేపు పెట్టి కొలుస్తోంది. పాసా, ఫెయిలా అన్నది రాసుకుని మిగతాది మరిచిపోతోంది. దూకడంలోనూ విసరడంలోనూ అందరికన్నా ముందున్నవాళ్ల జాబితా ఒకటి తీసి ఆటల సంఘాలకు ఇవ్వడానికి పైసా ఖర్చు కాదు.

కానిస్టేబుల్ పరీక్ష అంటే ఉమేశ్ యాదవ్‌ను తలవకుండా ఉండలేం. ఉత్తర తెలంగాణకు ఈ విషయంలో అన్నిటికన్నా దగ్గరి కథ అతనిదే. నాగపూర్ దగ్గర వల్నీ అనే బొగ్గు గనుల కాలనీ అతని ఊరు. తండ్రి గని కార్మికుడు. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లవాడికి ఆ జీవితం వివరించి చెప్పనక్కర్లేదు. ఉమేశ్ పోలీసు ఉద్యోగానికి ప్రయత్నించాడు, రాలేదు. దాదాపు ఇరవయ్యేళ్లు వచ్చేదాకా టెన్నిస్ బంతితోనే ఆడాడు. 2007లో విదర్భ జింఖానా క్లబ్బులో తోలు బంతి పట్టుకున్నాడు. అప్పటి విదర్భ కెప్టెన్ ప్రీతమ్ గంధే అతని వేగం చూసి వెంటబడి అవకాశాలు ఇప్పించాడు. 2008 నవంబరులో రంజీ మొదటి మ్యాచ్. ఆ సీజన్ 4 మ్యాచ్‌ల్లో 20 వికెట్లు. 2011లో టెస్టు జట్టు. మొత్తం 57 టెస్టుల్లో 170 వికెట్లు తీశాడు.

తోలు బంతి పట్టిన నాలుగేళ్లకు టెస్టు ఆడడం అరుదు. కానీ ఆ నాలుగేళ్లలో అతని చుట్టూ ఏమున్నాయో చూడాలి. ఇంటికి అందుబాటులో లీగ్ ఆడే క్లబ్బుంది. 'వీడు గురి లేకుండా వేస్తున్నాడు, కానీ వేగం చూడండి' అని సంఘంలో నోరు విప్పగల కెప్టెన్ ఉన్నాడు. విదర్భ సంఘం అకాడమీలో మాజీ టెస్టు పేసర్ సుబ్రతో బెనర్జీ వంటి కోచ్ ఉన్నాడు. దాని ఫలితం ఒక్క ఉమేశ్‌తో ఆగలేదు. ఒకప్పుడు రంజీలో ఎవరూ లెక్కచేయని విదర్భ 2017-18, 2018-19, 2024-25 సీజన్లలో ట్రోఫీ ఎత్తింది. 2017-18 ఫైనల్లో హ్యాట్రిక్ తీసిన రజనీశ్ గుర్బానీ ఇంజనీరింగ్ చదివిన పేసర్. బొగ్గు పొర ప్రాణహిత, గోదావరి లోయల వెంట అటు మహారాష్ట్రలోనూ ఇటు తెలంగాణలోనూ సాగుతుంది. అటు ఒక ఉమేశ్ దొరికాడు, ఇటు దొరకలేదు. దీనికి నేలను నిందించలేం.

మహమ్మద్ సిరాజ్ మనవాడే కదా అంటారు. నిజమే, అతని కథను గర్వంగా చెప్పుకోవాలి, జాగ్రత్తగానూ చదవాలి. స్పిన్నర్లకు పేరుబడ్డ నగరం హైదరాబాద్. గులాం అహ్మద్ దగ్గర్నుంచి శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతిరాజు, ప్రజ్ఞాన్ ఓఝా దాకా వరస ఉంది. పేస్‌లో ఆబిద్ అలీ వంటి మీడియం పేసర్లున్నారు. దేవరాజ్ గోవిందరాజ్ 1971లో వెస్టిండీస్, ఇంగ్లండ్ పర్యటనలకు వెళ్లి కూడా ఒక్క టెస్టు ఆడకుండా వెనక్కి వచ్చాడు. అలాంటి చోట ఆటోడ్రైవర్ కొడుకు, ఇరవయ్యేళ్లు దగ్గర పడేదాకా టెన్నిస్ బంతి తప్ప తెలియనివాడు, 2015లో రంజీ ఆడాడు. 2016-17లో భరత్ అరుణ్ కోచ్‌గా ఉన్న జట్టుకు 41 వికెట్లు తీశాడు. ఆ తరవాత సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. 2018, 2019 ఐపీఎల్ సీజన్లలో బెంగళూరు తరఫున చితకబాదించుకున్నాడు. 'పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో' అని జనం ఎగతాళి చేశారు. జట్టు వదిలేయలేదు. 2020 అక్టోబరులో కోల్‌కతా మీద 8 పరుగులకు 3 వికెట్లు, అందులో రెండు మెయిడెన్లు. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు ప్రవేశం. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు. 2025 ఆగస్టులో ఓవల్‌లో చివరి రోజు అతని బౌలింగ్‌తో భారత్ 6 పరుగులతో గెలిచిన టెస్టు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన సంగతి. సిరాజ్ ఇల్లు హైదరాబాద్‌లో. లీగ్ క్లబ్బుకు బస్సులో పోగలడు. రంజీ జట్టు నెట్స్‌కు పిలిస్తే గంటలో చేరగలడు. అదే పిల్లవాడు మంథనిలోనో సుల్తానాబాద్‌లోనో పుట్టి ఉంటే? పెద్దపల్లి నుంచి ఉప్పల్ స్టేడియం దాదాపు 200 కిలోమీటర్లు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్నుంచి కిట్ మోసుకుంటూ ఏదో గ్రౌండ్ వెతుక్కుని, ఎప్పుడు పిలుస్తారో తెలియని వరసలో నిలబడి, ఆరు బంతులు వేసి తిరిగి రావాలి. భద్రాచలం పిల్ల గొంగడి త్రిషను 2025 అండర్-19 ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా చూశాం. ఆమె ఆట కోసం తండ్రి కుటుంబాన్నే హైదరాబాద్‌కు మార్చాల్సి వచ్చింది. జిల్లా పిల్లలు ఆడాలంటే ఇల్లు ఖాళీ చేయాలన్నమాట. ఎంతమంది చేయగలరు?

హైదరాబాద్ క్రికెట్ సంఘం నిర్మాణంలోనే ఈ దూరం ఉంది. ఓటున్న క్లబ్బుల్లో చాలా భాగం జంటనగరాల్లోనివే. ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ ఒక్కో జిల్లా సంఘంగా, పిడికెడు ఓట్లలో లెక్కకొస్తాయి. సుప్రీంకోర్టు 2023లో నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఒకే యాజమాన్యం కింద నడుస్తున్నాయంటూ 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. 2025 జూలైలో సంఘం అధ్యక్షుణ్నే సీఐడీ అరెస్టు చేసింది. ఇన్ని కేసుల నడుమ మంథని కుర్రాడి యార్కర్ గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? ఒక మంచి ప్రయత్నం జరగకపోలేదు. పెద్దపల్లి మాజీ ఎంపీ జి. వివేక్ 2017లో సంఘం అధ్యక్షుడయ్యాక, 2018లో తండ్రి వెంకటస్వామి పేరిట తెలంగాణ టీ20 లీగ్ నడిపారు. కరీంనగర్, ఆదిలాబాద్ పేర్లతో జట్లు దిగాయి. ఆయన పదవి వివాదాల్లో పోయింది. లీగ్ ఏటేటా నడిచే ఏర్పాటుగా నిలబడలేదు. పండగలాంటి లీగ్ కన్నా ఏడాది పొడవునా సాగే చిన్న ఏర్పాటే ఈ పనికి మేలని నా అభిప్రాయం.

వయసు దగ్గర ఇంకో తలుపు మూసుకుంటుంది. బీసీసీఐ అండర్-16 పిల్లలకు ఎముకల వయసు పరీక్ష చేయిస్తుంది. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు పంతులు రాసిందే పుట్టిన తేదీ. రికార్డుకూ ఎముకకూ పొంతన కుదరక ఆగిపోయేవాళ్లున్నారు. అండర్-19 దాటాక తోలు బంతి పట్టుకున్నవాడు, అంటే ఉమేశ్, సిరాజ్ లాంటివాడు, ఏ మెట్టు మీదా తేలిగ్గా ఇమడడు. పేసర్ల విషయంలో ఆలస్యంగా వచ్చేవాళ్లకూ ఒక దారి ఉంచాలని ఆ ఇద్దరే చెబుతున్నారు.

వేగం ఒక్కటే చూసి ఎత్తుకుపోతే ఏమవుతుందో ఐపీఎల్ చూపించింది. టెన్నిస్ బాల్ ఆటలోంచి 2009లో రాజస్థాన్ రాయల్స్ తెచ్చిన కమ్రాన్ ఖాన్ కొన్ని వారాలు మెరిశాడు. బౌలింగ్ యాక్షన్ మీద అనుమానాలు వచ్చాయి. కొన్నేళ్లకు పొలం పనికి తిరిగి వెళ్లాడు. జమ్మూ కుర్రాడు ఉమ్రాన్ మాలిక్‌ను నెట్ బౌలర్‌గా తెచ్చుకున్నది మన సన్‌రైజర్సే. 2022లో 157 కిలోమీటర్లు తాకి 22 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది ముగిసేలోపే భారత జట్టులో కనబడకుండా పోయాడు. మయాంక్ యాదవ్ 2024లో 156.7తో వేసి నాలుగు మ్యాచ్‌లకే గాయంతో కూర్చున్నాడు. ఆ తరవాత వెన్ను అతన్ని వదల్లేదు.

అసలు చిక్కు వెన్నులోనే ఉంది. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు మోపిన క్షణంలో శరీర బరువుకు ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి, భారం నేల నుంచి తిరిగి కొడుతుంది. నడుము కింది భాగపు వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేది ఇరవైల నడుమ. అంటే అందరూ మెచ్చుకునే 17, 18 ఏళ్ల వయసులోనే ఆ ఎముక పచ్చిగా ఉంటుంది. అందుకే ఇంగ్లండ్ బోర్డు చాలా ఏళ్లు వయసును బట్టి హద్దు పెట్టింది. 13 ఏళ్ల లోపు పిల్లవాడు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకు 10. 16, 17 ఏళ్లవాడికి 7, 18. అమెరికాలోనూ 2014 నుంచి పిల్లలు రోజుకు ఎన్ని బంతులు విసరాలో వయసువారీ లెక్కుంది. మన టోర్నమెంట్లో ఏమవుతుంది? మ్యాచ్‌కు రెండు ఓవర్లే కదా అనిపిస్తుంది. ఆదివారం నాలుగు మ్యాచ్‌లు, సోమవారం ఇంకో ఊళ్లో మూడు. గట్టి నేల, స్పైక్స్ లేని బూట్లు, వార్మప్ అన్న మాటే లేదు. నొప్పి అంటే స్ప్రే కొడతారు, మళ్లీ బంతి చేతికిస్తారు. గెలిస్తే ట్రోఫీ, నగదు. బౌలర్ నడుముకు ఏమైందో అడిగేవాడుండడు.

మరి చూడాల్సిందేమిటి? కొలవడం కష్టమని చేతులు ముడుచుకోనక్కర్లేదు. క్రీజు నుంచి క్రీజుకు 17.68 మీటర్లు. 140 వేగంతో వస్తే బంతి సుమారు అర సెకనులోపు అక్కడుంటుంది. సెల్‌ఫోన్ స్లోమోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెడితే ఇద్దరు బౌలర్లలో ఎవరు వేగమో మోటుగానైనా తేలుతుంది. కానీ నేను దానికన్నా ముందు వేరే విషయాలు చూడమంటాను. రనప్ చివర్లో వేగం పెరుగుతోందా, తగ్గుతోందా? వేశాక తల ఎటు పడిపోతోంది? మోచెయ్యి నిటారుగా ఉందా? అంతర్జాతీయ నిబంధన ప్రకారం 15 డిగ్రీలకు మించి సాగకూడదు. టెన్నిస్ బంతితో 'త్రో' వేసి వేగం తెచ్చుకున్నవాడైతే తోలు బంతితో అది బయటపడుతుంది. ఆరో ఓవర్ వేగం మొదటి ఓవర్‌కు దగ్గరగా ఉందా? సిక్స్ కొట్టించుకున్నాక తరవాతి బంతి ఎలా వేశాడు? ఈ చివరి రెండింటికి జవాబులు ఒక్క పూట సెలెక్షన్లో దొరకవు. ఎవరో ఒకరు అతన్ని ఒక సీజనంతా చూడాలి.

ఆ ఒక్కరు బయటి నుంచి రానక్కర్లేదు. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి పరుగును ముందు చూసింది బడి పీఈటీ. కోచ్ నాగపురి రమేశ్ చేతిలో పడ్డాక ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పీఈటీ కన్ను, ఆ కన్నును నమ్మి పిల్లను దగ్గర పెట్టుకున్న కోచ్, ఈ గొలుసు అథ్లెటిక్స్‌లో మనకుంది. క్రికెట్‌లో ఎందుకు లేదంటే, పీఈటీ ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు గనక.

నా తీర్పు ఇది. ఉత్తర తెలంగాణలో వేగానికి కొరత లేదు, గుర్తించే కన్నుకూ కొరత లేదు. టోర్నమెంటు చూసే ప్రతి పెద్దమనిషికీ ఎవరు వేగమో తెలుసు. లేనిది రెండో రోజు. పేరు రాసుకున్న మర్నాటి నుంచి మూడేళ్లపాటు తోలు బంతి, బూట్లు, ఓవర్ల లెక్క, ఒక ఫిజియో, ఇంట్లో 'ఉద్యోగం ఏమాయెరా' అన్నప్పుడు చెప్పుకోవడానికి నెలకింత భత్యం. మద్రాసులో 1987లో ఎంఆర్ఎఫ్ డెన్నిస్ లిల్లీని తెచ్చి పెట్టిన పేస్ ఫౌండేషన్ చేసింది ఇదే. మహారాష్ట్ర శ్రీరాంపూర్ కుర్రాడు జహీర్ ఖాన్ అక్కడే మెరుగుదేరాడు. ఓ టైర్ల కంపెనీ చేయగలిగిన పని, ఏరియాల మధ్య ఆటల పోటీలు నడిపే సింగరేణికి మరీ బరువేం కాదు.

హైదరాబాద్ క్రికెట్ సంఘం వారికి మనవి: ఏడాదికి నాలుగుసార్లు ఒక బౌలింగ్ కోచ్‌ను, రెండు డబ్బాల తోలు బంతులతో, గోదావరిఖని లేదా పెద్దపల్లి గ్రౌండ్‌కు పంపండి. వయసు ఇరవై రెండు దాకా ఎవరొచ్చినా వేయనివ్వండి. టోర్నమెంట్ నిర్వాహకులకు ఒక మాట: పద్దెనిమిదేళ్ల లోపు పేసర్ చేత రోజుకు ఆరు ఓవర్లకు మించి వేయించకండి. వేసిన ప్రతి ఓవర్ స్కోరు పుస్తకంలో అతని పేరు పక్కన రాయండి. ఆ పుస్తకం పారేయకండి.